నోరారా పిలువగలిగిన పేరు
(పాలమూరు సీమ సంఘములలో బాప్తిస్మపు పేర్ల చరిత్ర)

శతవార్షికోత్సవ సంచికలలో సాధారణముగా ఆలయముల నిర్మాణము, మిషనెరీల రాకడ, పాఠశాలల స్థాపన, ఆసుపత్రుల సేవ మొదలైన విషయాలు వ్రాస్తూ ఉంటారు. అవి అవసరమే. అయితే ప్రతి సంఘములోను బీరువా అడుగున మరియొక చరిత్ర దాగి ఉన్నది. అది బాప్తిస్మపు రిజిస్టరు. మన తాతలు, తల్లిదండ్రులు, బిడ్డలు ఏ పేరుతో ప్రభువు మందిరములో పిలువబడ్డారో అందులో వరుసగా కనిపిస్తుంది. ఈ వ్యాసములో మేము ఆ పేర్ల చరిత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

ఇందుకొక కారణమున్నది. అమరచింత, ఆత్మకూరు, గద్వాల, వనపర్తి ప్రాంతములలో నేడు బిడ్డకు పేరు పెట్టవలసిన తల్లిదండ్రులు గురువును తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, ఈ పేరు చాలా బాగున్నది, అర్థము కూడా గొప్పది. కాని మా ఊళ్లో ఎవరికీ నోరు తిరుగదు. పెట్టవచ్చునా?" ఒకవైపు ఎవరికీ లేని పేరు కావాలనే ముచ్చట. మరొకవైపు నానమ్మ ఆ పేరు పలుకలేక "చిన్నీ", "బంగారూ" అని సరిపెట్టుకొనవలసి వస్తుందేమోనన్న దిగులు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. లూకా సువార్త మొదటి అధ్యాయములోనే ఉన్నది. ఎలీసబెతుకు కుమారుడు పుట్టినప్పుడు ఇరుగుపొరుగువారును బంధువులును చేరి తండ్రి పేరైన జెకర్యా అనే పేరే పెట్టబోయారు. తల్లి యోహాను అనగానే, మీ బంధువులలో ఆ పేరుగలవారు ఎవరూ లేరే అని అభ్యంతరము చెప్పారు. చివరకు మూగవాడైయున్న తండ్రి పలకమీద వ్రాసి ఆ తగవు తీర్చాడు. బిడ్డ పేరు విషయములో ఊరంతా మాట కలిపే అలవాటు మనకొక్కరికే లేదని దీనివలన తెలుస్తున్నది.

మన నేలమీది పేర్లు

సువార్త రాకమునుపు ఈ సీమలో పేర్లు ఎట్లుండేవో చూద్దాము. కురుమూర్తి కొండ దగ్గరలో ఉన్నందున కుర్మయ్యలు, కుర్మన్నలు ప్రతి ఊరిలో ఉన్నారు. గద్వాల వైపు జమ్ములమ్మ పేరు, కృష్ణ దాటి దక్షిణానికి పోతే ఈరన్న పేరు ఎక్కువ. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మల పేర్లు సరేసరి. నిజాము రాజ్యములో ఉన్న సీమ గనుక, పీర్ల పండుగ అందరూ కలిసి చేసుకొనే గ్రామములు గనుక, హిందూ కుటుంబములలో సైతము హుసేనప్ప, హుసేనమ్మ, మౌలాలి, దస్తగిరి అనే పేర్లు వినిపిస్తాయి. అరబ్బు దేశపు హుసేన్ అనే పేరుకు కన్నడ వాసనగల అప్ప చేర్చి, తెలుగు ఇంటిపేరు తగిలించి, ఏ అనుమానము లేకుండా పిలుచుకొన్న నేల ఇది. పరాయి పేరు అని గాని, నోరు తిరుగదని గాని ఎవరూ అనలేదు. తిరగనిచోట పేరునే కొంచెము తిప్పుకొన్నారు.

ఊళ్ల పేర్లకును ఇదే కథ. 1890లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేరుమీద పాలమూరు మహబూబ్‌నగర్ అయినది. కాగితములో ఆ పేరు నిలిచినది గాని, నోటిలో పాలమూరు పోలేదు. అమరచింత అనే పేరు ఇంగ్లీషు వ్రాతలో నడిమి అచ్చు పోగొట్టుకొని అమర్చింత అయినది. 2016లో జిల్లాల విభజనలో ఈ ఊరు వనపర్తి జిల్లాలో చేరినది. అయినను "మాది పాలమూరు" అనడము మానినవారు తక్కువ. కాగితము మీది పేరు ఒకటి, నోటిలోని పేరు ఒకటి అనే ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. బిడ్డల పేర్ల దగ్గర ఇది మరల వస్తుంది.

ఇంకొక రకము పేర్లు ఉండేవి. పుట్టిన బిడ్డలు దక్కక చనిపోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద వేసి తీసుకొని పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవారు. అది అవమానము కొరకు కాదు, బిడ్డ బ్రదుకవలెనని తల్లి పడిన ఆరాటము. అయితే అవమానము వేరే విధముగా ఉండేది. ఊరిలో పెద్ద కులమువాని పేరు చివర రావు, రెడ్డి, అయ్య ఉంటే, ఊరి వెలుపలి గూడెములో ఉన్నవాని పేరు ఏదైనను చివరకు "గాడు" అయ్యేది. వాని తల్లిదండ్రులు ఎల్లయ్య అని పెట్టినను, ఊరు వానిని ఎల్లిగాడు అనే పిలిచేది. తల నెరసినను, మనుమలు పుట్టినను ఆ పిలుపు మారేది కాదు. బాప్తిస్మపు పేర్ల చరిత్రకు అసలు ఆరంభము ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయము.

బైబిలు పేరుకు తెలుగు నోరు

తెలుగులో మొదటిసారిగా అచ్చయిన సువార్తలు 1812లో శ్రీరామపురములో వెలువడిన మూడు సువార్తలు. విశాఖపట్టణములో లండను మిషను వారైన డెగ్రాంజెస్ దొర పనికి, క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయరు గారు తోడ్పడ్డారు. అప్పటినుండి హెబ్రీ, గ్రీకు పేర్లు తెలుగు లిపిలోనికి రావలసివచ్చినది. తెలుగు మాట అచ్చుతో ముగియవలెను గదా! అందుచేత పౌలు, మార్కు, దావీదు, యోహాను, పేతురు అని చివర ఉకారము చేరినది. ఇది పుస్తకములో జరిగిన మార్పు.

గూడెములో మరియొక మార్పు జరిగినది. సమూయేలు సామేలు అయినాడు. దానియేలు దానేలు, అబ్రహాము అబ్రాము అయినారు. శారా సారమ్మ అయినది. రాహేలు రాహేలమ్మ, రూతు రూతమ్మ, ఎస్తేరు ఎస్తేరమ్మ అయినారు. మన రిజిస్టర్లలో ఈ రూపములే ఎక్కువ. వీటిని తప్పుగా వ్రాసిన పేర్లని అనుకొనరాదు. ఇవి మన తల్లుల నోటిలో నానిన పేర్లు.

ఇందులో గమనింపదగిన విషయము ఒకటున్నది. హెబ్రీ పేర్లు అనేకము "యా" అనే శబ్దముతో ముగుస్తాయి. అది దేవుని నామమునకు సంక్షేప రూపము. జెకర్యా అనగా యెహోవా జ్ఞాపకము చేసికొనెను అని అర్థము. అజర్యా అనగా యెహోవా సహాయము చేసెను. యెషయా అనగా యెహోవాయే రక్షణ. ఈ పేర్లు గూడెము నోటిలో పడగానే జకరయ్య, అజరయ్య, యెషయ్య అయినాయి. హెబ్రీ "యా" తెలుగు "అయ్య" అయినది. ఊరు ఎవనికి "అయ్య" అనే మర్యాద ఇవ్వలేదో, వాని పేరులోనే అయ్య కూర్చున్నాడు. జకరయ్యను పిలువవలసి వచ్చినవాడు అయ్య అని పలుకక తప్పదు. గాడు చేర్చడము పూర్తిగా పోయినదని మేము చెప్పము. కాని బాప్తిస్మపు పేరు ఒక మనిషి తల ఎత్తడానికి తోడ్పడినదని చెప్పడములో అతిశయోక్తి లేదు.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పేరునే చూడండి. తిరునెల్వేలి తమిళుడు. తండ్రి పేరు వేదనాయగం తమిళ క్రైస్తవ పేరు. శామ్యూల్ ఇంగ్లీషు రూపము. అజరయ్య హెబ్రీ మాట. ముక్కలు మూడు భాషలవైనను, 1945లో ఆయన ప్రభువునందు నిద్రించే నాటికి ఆ పేరు తెలుగు పల్లెలలో స్వంత పేరు అయిపోయినది.

మన సీమలో మిషను పని సంగతి పాఠకులకు తెలిసినదే. అమెరికన్ బాప్టిస్టుల పక్షమున ఎల్బర్ట్ ఛూట్ దొరగారు 1885లో మహబూబ్‌నగర్‌లో పని ఆరంభించారు. 1937లో ఆ పని మెన్నోనైట్ బ్రదరిన్ మిషనుకు అప్పగింపబడినది. ఆ మిషను వారు అంతకు ముందునుండియే నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతములలో సేవ చేస్తున్నారు. వారి పేర్లు బెర్గ్‌తోల్డ్, పాంక్రాట్జ్, షెల్లెన్‌బర్గ్ వంటి జర్మను పేర్లు. నోరు తిరుగని పేర్ల బరువు ఒక ప్రక్కననే లేదన్నమాట. మన పెద్దలు దొరగారు, దొరసానిగారు అని ఆ కష్టమును దాటవేశారు.

పేరు మార్చుకొనని భక్తులు

క్రైస్తవుడైనవాడు విధిగా బైబిలు పేరు గాని, ఇంగ్లీషు పేరు గాని పెట్టుకొనవలెనని కొందరు అనుకొంటారు. చరిత్ర అట్లు చెప్పడము లేదు. మనము ఆదివారము పాడే కీర్తనలలో అనేకము వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొందారు. పురుషోత్తముడనేది విష్ణువు నామము. ఆయన 1890లో ప్రభువు సన్నిధికి చేరేవరకు ఆ పేరు మార్చుకొనలేదు. మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో స్థాపించిన పాఠశాలలో చదివి విశ్వాసులై, తరువాత గురువులైన మంచాల రత్నం గారు, ఐనాల భూషణం గారు తమ తెలుగు పేర్లతోనే సేవ చేశారు. ఒంగోలు మిషనులో 1866లో బాప్తిస్మము పొంది మాదిగ పల్లెలలో సువార్తను వెలిగించిన యెర్రగుంట్ల పేరయ్య గారు చివరివరకు పేరయ్యగారే. ఆయన వేసిన విత్తనము 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మముగా పండినది.

మరియొక దారి కూడా మన పెద్దలు కనిపెట్టారు. బైబిలు భావమును తెలుగు మాటలోనే పెట్టారు. కరుణమ్మ, కృపమ్మ, సువార్తమ్మ, దీవెనమ్మ, ఆశీర్వాదం, దేవదానం, దేవసహాయం, యేసురత్నం, సత్యానందం. ఈ పేర్లు పలుకడానికి ఎవరికీ కష్టము లేదు, వినగానే విశ్వాసము తెలుస్తుంది. ఇవి తెలుగు సంఘము తన స్వంత చేతులతో చేసుకొన్న సొమ్ము.

మహాకవి గుర్రం జాషువ గారి సంగతి విడువరానిది. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. కుమారుని పేరు జాషువ. తెలుగు బైబిలులో ఆ పేరు యెహోషువ. ఇంగ్లీషు జాషువా తెలుగు కొసను అందుకొని, గుర్రం అనే ఇంటిపేరు ప్రక్కన నిలిచి, తెలుగు కవిత్వములో చిరస్థాయి అయినది. ఆయన కుమార్తె పేరు హేమలత. ఒకే ఇంటిలో లింగమ్మ, జాషువ, హేమలత! పేరును బట్టి విశ్వాసమును కొలువబోయేవారు ఈ ఇంటిని ఒకసారి తలచుకొనవలెను.

ఇంగ్లీషు బడి, సర్కారు కాగితము

బడిలో ఇంగ్లీషు చదువు వచ్చిన తరువాత యోహాను జాన్, పౌలు పాల్, దావీదు డేవిడ్ అయినారు. యాకోబుకు పెద్ద చిక్కు వచ్చినది. పాత నిబంధనలోని యాకోబు ఇంగ్లీషులో జేకబ్, క్రొత్త నిబంధనలోని యాకోబు జేమ్స్. కనుక సంఘపు రిజిస్టరులో యాకోబు అనే పిల్లవాడు బడిలో జేకబ్ కావచ్చును, జేమ్స్ కావచ్చును. తరువాత రేషను కార్డులో ఒకటి, ఆధారులో ఒకటి, పాసుపోర్టులో ఒకటి వస్తే, నేనే వాడను అని నిరూపించుకొనడానికి ఆఫీసుల చుట్టు తిరుగవలసి వస్తుంది.

ఇంతకన్న బరువైన సంగతి ఒకటున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల గుర్తింపు హిందువులకు పరిమితమైనది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది. క్రైస్తవులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల "సి" వర్గములో ఉంచారు. దీని ఫలితము మన ఇండ్లలో కనిపిస్తుంది. సంఘములో ఒక పేరు, బడిలో ఒక పేరు. గుడిలో సామేలు, హాజరుపట్టీలో మరొకడు. బయటివారు దీనిని సులభముగా విమర్శిస్తారు. కాని చదువు, ఉద్యోగము, పొట్టకూడు ముడిపడియున్న చోట ఒక తండ్రి ఎంత వేదనతో కాగితము నింపుతాడో గూడెములో కాపరియైనవానికి తెలుస్తుంది. రెండు పేర్ల మధ్య పెరిగిన బిడ్డను మనము నిందింపరాదు.

తల్లిదండ్రులు గమనింపవలసిన చట్టపు సంగతి కూడా చెప్పవలెను. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టమునకు 2023లో సవరణ జరిగినది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశము, పాసుపోర్టు, ఆధారు వంటి వాటికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధృవపత్రమే ప్రధానము. కనుక నోటిలోని పేరు ఎట్లున్నను, ఆ కాగితములో ఎక్కిన అక్షరములే బిడ్డతో జీవితాంతము నడుస్తాయి. తెలుగులోను ఇంగ్లీషులోను ఏ అక్షరములు కావలెనో ముందే నిర్ణయించుకొని వ్రాయించవలెను. ఆసుపత్రి గుమస్తా ఊహకు విడువరాదు.

ఐర్లాండు నుండి ఒక పాఠము

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. ఐర్లాండు దేశము చూడండి. 19వ శతాబ్దములో హైదరాబాదు కతోలిక సంఘమునకు అధ్యక్షుడైన డేనియల్ మర్ఫీ గారు ఆ దేశస్థుడే. ఐరిష్ భాష వేరు, ఇంగ్లీషు వేరు. ఇంగ్లీషు పాలనలో, 1831లో ఏర్పడిన ఇంగ్లీషు మాధ్యమపు జాతీయ పాఠశాలలలో, ఐరిష్ పేర్లు ఇంగ్లీషు వేషము వేసుకొన్నాయి. పాద్రిగ్ పాట్రిక్ అయినాడు. 1893లో ఒక ఆంగ్లికన్ గురువు కుమారుడైన డగ్లస్ హైడ్ గారు గేలిక్ లీగును స్థాపించి, భాషను, దానితోపాటు పేర్లను నిలబెట్టడానికి పాటుపడ్డారు. ఆయనే 1938లో ఆ దేశమునకు మొదటి అధ్యక్షుడైనారు.

నేడు ఐరిష్ తల్లిదండ్రులు బిడ్డలకు తమ భాషలోని పేర్లు పెట్టి, పరదేశములో వాటిని ఎవరూ పలుకలేరని బెంగపడుతున్నారు. సీర్షా అనే పేరున్నది. అర్థము స్వాతంత్ర్యము. మన దేశములో జాతీయోద్యమ కాలపు ఆడబిడ్డలకు స్వరాజ్యం అని పెట్టినట్లే. షివాన్ అనే మరొక పేరున్నది. దానిని ఇంగ్లీషు అక్షరములలో చూచినవాడు సియోభాన్ అని చదువుతాడు. ఎందుకనగా ఐరిష్ వ్రాతలో బి, హెచ్ కలిస్తే వకారము. మన లిపిలో అయితే విన్నది విన్నట్లు వ్రాస్తాము గనుక ఆ చిక్కే లేదు. ఇంతకును షివాన్ ఎవరు? యోహాను అనే పేరుకు స్త్రీ రూపము! యెహోవా కృప చూపెను అనే అర్థముగల హెబ్రీ పేరు గ్రీకులో యోవాన్నేస్, ఇంగ్లీషులో జాన్, ఐరిష్‌లో షాన్, తెలుగులో యోహాను అయినది. లూకా సువార్తలో ప్రభువును వెంబడించిన స్త్రీలలో యోహన్న ఉన్నది గదా, ఐర్లాండులోని షివాన్ ఆమె పేరుకు చెల్లెలు. నోరు తిరుగనంత పరాయి అనుకొన్న పేరు మన అమరచింత యోహాను ఇంటి చుట్టమని తేలినది.

షిబ్బోలెతు

న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములో భయంకరమైన ఒక సంగతి ఉన్నది. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు పారిపోయేవారిని ఆపి, షిబ్బోలెతు అనుమని అడిగేవారు. ఎఫ్రాయిమువాడు ఆ షకారము పలుకలేక సిబ్బోలెతు అనేవాడు. అంతే, వానిని చంపేవారు. ఆ కాలమున పడినవారు 42,000 మంది. ఒక్క అక్షరము నోటికి రాకపోతే ప్రాణము పోయినది.

మన సంఘములలో ఎవరూ ఎవరినీ చంపడము లేదు. కాని శాంతమ్మను సాంతమ్మ అన్నందుకు, జోసెఫ్‌ను జోసెప్పు అన్నందుకు చదువుకొన్న పిల్లలు నవ్వడము మేము చూస్తున్నాము. హెఫ్సీబా అనే మనుమరాలిని ఎప్సిబమ్మ అని పిలిచి, పట్నములో చదివే ఆ పిల్ల ముఖము ముడుచుకొంటే, ఆ పేరు మరల ఎత్తని అవ్వలు ఉన్నారు. పేరు పెట్టినది పిలుచుకొనడానికి. ప్రేమించేవారే పిలువడానికి జంకితే, ఆ పేరు ఎంత గొప్పదైనను ఇంటిలో ఒక గోడ లేచినట్లే. ఇది చిన్న సంగతి కాదు.

అదే విధముగా మరొక వైపునుండి కూడా ఆలోచించవలెను. బబులోనులో దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అనేవారి పేర్లు నపుంసకుల యధిపతి మార్చివేశాడు. ఏలుబడి చేసేవానికి అనుకూలమైన పేర్లు పెట్టాడు. మన పిల్లలు పరదేశములకు వెళ్లి, అక్కడివారికి సులభము కొరకు వెంకటేశ్వర్లు వెంకట్, సువార్తమ్మ సూ అవుతున్నారు. బలవంతము లేకపోవచ్చును. కాని ఎప్పుడును మన పేరే ఎందుకు కురచ కావలెను? ఎదుటివాడు నేర్చుకొనరాదా?

తల్లిదండ్రులకు, సంఘమునకు

కనుక మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది. కష్టమైన పేరు పెట్టరాదని నియమము లేదు. యోబు తన కుమార్తెలకు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని పెట్టాడు. మొదటి రెండు పేర్లు మన ఇండ్లలోనికి వచ్చాయి, మూడవది వాకిట్లోనే నిలిచినది! దానినిబట్టి నోరు కూడా కొంత తీర్పు చెప్పుతుందని గ్రహించవలెను. పేరు నిర్ణయించేముందు ఆ పేరును ఇంటి పెద్దవారిచేత వాకిట నిలబడి ఒకసారి పిలిపించండి. వారు ఏ విధముగా పిలుస్తారో అదే రేపు బిడ్డకు ముద్దుపేరు. దానిని మీరు ఇష్టముగా స్వీకరించగలిగితే ఆ పేరు నిస్సందేహముగా పెట్టండి. అర్థము తెలియని పేరు, కేవలము ఇతరులకు లేదనే కారణముతో పెట్టకండి. అర్థము తెలిసి పెట్టిన పేరు ఎంత కఠినమైనను బిడ్డకు ఒక ప్రసంగముగా ఉంటుంది.

సంఘమునకు కూడా బాధ్యత ఉన్నది. యొప్పేలో ఒక శిష్యురాలికి తబితా అనియు, దొర్కా అనియు రెండు పేర్లు. ఒకటి అరామిక్, ఒకటి గ్రీకు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు చూపి ఏడ్చారు గాని, ఏ పేరు సరియైనదని వాదించుకొనలేదు. ఆదివారపు బడి ఉపాధ్యాయులు ప్రతి బిడ్డ పేరు ఆ ఇంటివారిని అడిగి నేర్చుకొనవలెను. రిజిస్టరు వ్రాసే సంఘ పెద్దలు పేరును తెలుగులో స్పష్టముగా వ్రాసి, ప్రక్కనే సర్కారు కాగితములోని రూపము కూడా వ్రాసి ఉంచవలెను. ముందు తరమువారికి అది గొప్ప మేలు.

నూరు సంవత్సరములలో మన రిజిస్టర్లలో సామేలు, జకరయ్య, సువార్తమ్మ, జాన్, కెజీయా వరుసగా చేరారు. ఈ పేర్లలో ఒక్కటైనను మొదటి దినమున ఎవరో ఒకరి నోటికి క్రొత్తదే. ప్రేమతో పదిసార్లు పిలిచిన తరువాత అవి మనవైనాయి. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని ప్రభువు చెప్పియున్నాడు. ఆయన నోటికి కష్టమైన పేరు ఏదియు లేదు. మన బిడ్డలను మనమును ఆ విధముగా పేరుపేరున ఎరిగి పిలిచే సంఘముగా రాబోవు శతాబ్దములో ప్రవేశించుటకు దేవుడు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.